కోసిన మూల

సందు మూల తిరగ్గానే ఫోన్లో మాట తెగిపోతే మీరు సెల్ కంపెనీని తిట్టుకుంటారు. నేను మాత్రం ఆగి, వెనక్కి తిరిగి ఆ మూలను చూస్తాను. గోడ అంచు పదునుగా ఉందా, గుండ్రంగా ఉందా, గాజు తొడిగారా, రేకు కొట్టారా అని. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా ఈ జబ్బు మాత్రం మానలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "లెక్కల మీద అంత నమ్మకం ఎలా పెట్టుకునేవారు మేడం?" అని. నమ్మకం కన్నా భయమే ఎక్కువ ఉండేదంటే నమ్మరు, నవ్వేస్తారు. అందుకని ఆ భయం ఎలా ఉండేదో తెలియడానికి ఒక్క పని గురించి చెబుతాను. కొత్తపేటలో ఒక చిన్న సందు గురించి.

నేను పనిచేసింది సెల్ కంపెనీలకు యాంటెన్నాలు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టి చెప్పే ఒక చిన్న సంస్థలో. ఆఫీసు చైతన్యపురిలో, ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉండేది. కింద పిల్లలు త్రికోణమితి వల్లె వేస్తుంటే పైన మేము అదే త్రికోణమితితో కుస్తీ పట్టేవాళ్లం. లెక్కల విభాగానికి నేను పెద్దని. "ఇక్కడ యాంటెన్నా పెడితే ఆ వీధికి సిగ్నల్ అందుతుంది" అని రాసిన కాగితం మీద చివరి సంతకం నాది.

సంగతి అర్థం కావడానికి కాస్త పాఠం చెప్పక తప్పదు. యాంటెన్నా నుంచి వచ్చే తరంగం నేరుగా కనిపించే చోటికే పోతుందనుకుంటే పొరపాటు. భవనం మూలను తాకినప్పుడు అది కొంత వంగి, అవతలి వైపు నీడలోకి కూడా జారుతుంది. బళ్లో దాన్నే వివర్తనం అని చదువుకున్నారు. ఎంత వంగుతుంది, నీడలో ఎంత మిగులుతుంది అన్నది తేల్చడమే మా పని. దానికి మా దగ్గర రెండు పద్ధతులు ఉండేవి.

మొదటిది సూత్రం పద్ధతి. భవనాల మొనలను ఒక్కొక్కటిగా విడదీసి, ఎప్పుడో తయారైన సూత్రంలో అంకెలు వేస్తే టీ చల్లారేలోపు కాలనీ అంతటికీ జవాబు వచ్చేస్తుంది. రెండోది ముక్కల పద్ధతి. గోడను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మిగతా ముక్కలన్నిటినీ ఎలా కదిలిస్తుందో సమీకరణాలు రాసి, అన్నిటినీ ఒకేసారి సాధించడం. ఒక్క మూల కోసం కంప్యూటరు రోజంతా మూలిగేది. పైగా దానికో చిక్కుంది. పదునైన మొన దగ్గరికి పోయేకొద్దీ తరంగం బలం అంతూపొంతూ లేకుండా పెరుగుతుంది. అక్కడ ముక్కలు బాగా సన్నగా కోయాలి. లావుగా కోస్తే లెక్క తప్పుతుంది, కానీ తప్పానని చెప్పదు. అందమైన గీత గీసి చూపిస్తుంది.

ఆ ముక్కల పద్ధతిని మా దగ్గర రాసింది కాంట్రాక్టు మీద చేరిన ఒక గణితం అమ్మాయి. నల్లగొండ వైపు నుంచి వచ్చింది, ఆఫీసుకు దగ్గర్లోనే హాస్టల్‌లో ఉండేది. తక్కువ మాట్లాడేది. చేరిన కొత్తలో నాగోలు దగ్గర ఒక వీధికి సిగ్నల్ రాదని ఆమె లెక్క చెప్పింది. ఆమె మాట మీద అక్కడ ఇంకో యాంటెన్నా పెట్టించాం. తీరా చూస్తే అది అవసరమే లేదని తేలింది. మొన దగ్గర ముక్కలు చాలినంత సన్నగా కోయలేదు. ఎవరూ ఆమెను తిట్టలేదు. అంతకన్నా చెడ్డ పని చేశాం. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా మర్యాదగా విని పక్కన పెట్టడం మొదలుపెట్టాం. ఆమె మాత్రం తన ప్రోగ్రాంని మొదటి నుంచీ మళ్లీ రాసుకుంది. మొన దగ్గర సన్నగా, దూరం పోయేకొద్దీ లావుగా కోసేలా.

ఇక కొత్తపేట సందు సంగతి. సందుకు సిగ్నల్ ఇచ్చే పాత యాంటెన్నా ఒక ఇంటి మీద ఉండేది. ఆ ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టబోతున్నారు. బిల్డర్ తొందర పెడుతున్నాడు. సెల్ కంపెనీ మెయిన్ రోడ్డు మీద ఇంకో రెండంతస్తుల ఇల్లు చూసింది. దాని మీద యాంటెన్నా పెడితే సందుకు అందుతుందా లేదా మేము చెప్పాలి. ఆ సందులో మిగతా కంపెనీల సిగ్నల్ ముందునుంచీ అంతంతమాత్రమే.

సందు మొదట్లో మూల స్థలంలో ఒక భవనం ఉంది. మలుపులో వచ్చే బండ్లు కనిపించాలని మున్సిపాలిటీ వాళ్లు మూల కోయిస్తారు కదా, అలా మూల కోసి కట్టారు. అంటే ఒక మొన ఉండాల్సిన చోట పక్కపక్కనే రెండు మొనలు.

సూత్రం పద్ధతి సందంతా సిగ్నల్ ఉంటుందంది. నేను సంతకానికి పెన్ను తీస్తుండగా ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, ఖాళీగ ఉన్నప్పుడు నేను కూడ ఒకసారి లెక్క చేసిన."

"ఏమొచ్చింది?"

"సందు నడుమకొచ్చేసరికి సిగ్నల్ ఉంటలేదు మేడం. దవాఖాన దగ్గర మొత్తం చీకటే."

ఆ సందు మధ్యలో ఒక చిన్న కాన్పుల దవాఖాన ఉంది. పెన్నుకు మూత పెట్టేశాను.

తెలిసిన పరీక్షతో మొదలుపెట్టాం. ఒకే ఒక్క పదునైన మొన ఉన్న గోడకు కచ్చితమైన జవాబు ఎప్పటినుంచో ఉంది. దానితో ఆమె లెక్కను పోల్చి చూశాను. గీత మీద గీత పడింది. సంతోషించాల్సిందే. కానీ సూత్రం కూడా అక్కడ అంతే కచ్చితంగా సరిపోయింది. ఒక మొన దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. రెండు మొనలు పక్కపక్కనే వచ్చేసరికి పేచీ.

"సూత్రం రెండో మొనని వేరుగ చూస్తది మేడం," అంది ఆ అమ్మాయి కాగితం మీద గీసి చూపిస్తూ. "కని రెండో మొన సరిగ్గ మొదటిదాని నీడ అంచుల నిలబడ్డది. అక్కడ వెలుగు, నీడ కలిసిపోతయి. సూత్రానికి ఆ సంగతి తెల్వదు."

"నాగోల్లో కూడా నువ్వు ఇంత గట్టిగానే చెప్పావు కదమ్మా."

ఆ మాట అని ఉండకూడదు. ఆమె తల దించుకుని, "అవును మేడం. అందుకే నాక్కూడ భయమైతుంది," అంది.

మా డైరెక్టర్ గారిది కృష్ణా జిల్లా. మంచి మనిషే, కానీ ఆలస్యమంటే పడదు. "ఇన్ని చోట్ల పనిచేసిన సూత్రం ఈ ఒక్క సందులో ఎందుకు చెడుతుందండీ మేడం గారూ?" అన్నారు.

"చెడుతుందని నేననట్లేదండీ. చెడదని చెప్పలేకపోతున్నాను."

"మీరు చెప్పకపోతే ఎవరు చెప్తారండీ?"

మీరు ఒక పనిలో పెద్దవాళ్లయ్యాక తెలుస్తుంది, పైన అడగడానికి ఎవరూ ఉండరు.

మరునాడు ఆ దవాఖానకు వెళ్లాను. గుమ్మం దగ్గర ఆటోలు, బెంచీల మీద కాన్పుకు వచ్చినవాళ్ల బంధువులు, టిఫిన్ క్యారియర్లు. దవాఖాన నడిపే డాక్టరమ్మ వయసులో నాకన్నా పెద్దది. సర్వే కోసం వచ్చామని చెప్పి, ఫోన్లు ఎలా పనిచేస్తున్నాయని అడిగాను.

"ఇప్పటికైతే బాగానే ఉన్నాయమ్మా. ల్యాండ్‌లైన్ ఎప్పుడో తీసేశాం. మత్తు డాక్టరు బయటినుంచి రావాలి, రక్తం బయటినుంచి రావాలి. ఫోన్ కొడితే పరిగెత్తుకొస్తారు." నా మొహంలో ఏం కనిపించిందో, "ఎందుకమ్మా, ఏమైనా తీసేస్తున్నారా?" అని అడిగింది.

"లేదండీ, చూడ్డానికే వచ్చాం," అన్నాను. ఆమె ఇంకో ప్రశ్న వెయ్యకముందే మెట్లు దిగేశాను.

ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదు. మెట్రోలో మన్సూరాబాద్ ఇంటికి పోతూ కిటికీలోంచి చూస్తే భవనాలన్నీ మూలలుగానే కనిపించేవి. మా ఆయన, "చారుకు ఉప్పు అందలేదు," అంటే, "దవాఖానకు కూడానా?" అన్నానట. ఇప్పటికీ దెప్పుతారు.

చివరికి డైరెక్టర్ గారితో, మెయిన్ రోడ్డు ఇంటి మీద చిన్న పరీక్షా యంత్రం పెట్టి, సందులో రిసీవర్ పట్టుకుని నడిచి చూడందే సంతకం పెట్టనని చెప్పేశాను. పాత యాంటెన్నాతో గొడవ లేదు, మా పరీక్ష సిగ్నల్ వేరు. ఆయన పెదవి విరిచారు కానీ కాదనలేదు. అడ్డం పడింది ఆ ఇంటి యజమాని. కొత్తపేట ఊరుగా ఉన్నప్పటినుంచీ పొలాలున్న కుటుంబం వాళ్లది. మా ఫీల్డ్ ఇంజనీరూ అక్కడివాడే. అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

"పటేలా, జర ఒక్క పూట టెస్ట్ చేస్కుంటం," అన్నాడు అతను.

"టెస్ట్ ఏందిరా? పెట్టకముందే గిన్ని లొల్లులుంటే పెట్టినంక ఎట్లుంటది?" అని యజమాని నా వైపు తిరిగాడు. "అమ్మా, నేను ఒప్పుకున్న. కని పక్కోళ్లు గీ కిరణాలతోని రోగాలొస్తయని పరేషాన్ జేస్తున్రు. మళ్ల మళ్ల డబ్బాలు పట్టుకోని ఎక్కుతే ఇంకింత భయపడ్తరు."

"ఒక్కసారేనండీ. ఆ సందులో దవాఖాన ఉంది. ఫోన్లు పనిచేయకపోతే కష్టం."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నా మనుమరాలు గాడనే పుట్టింది," అన్నాడు. "పొద్దుగాల రాన్రి. ఎండ ముదరకముందే దిగిపోవాలె."

పరీక్ష రోజు డైరెక్టర్ గారు కూడా వచ్చారు. మా కుర్రాళ్లు యంత్రంతో మేడెక్కారు. నేను సందు మొదట్లో నిలబడ్డాను. ఫీల్డ్ ఇంజనీరు రిసీవర్ పట్టుకుని, ఆ అమ్మాయి పక్కన నడుస్తూ అంకెలు చదువుతూ, ఇద్దరూ మూల తిరిగారు. ఆమె గొంతు చిన్నది. వినపడక నేను కూడా నాలుగడుగులు లోపలికి పోయాను.

మూల దాటారు. అంకె తగ్గింది. అది మామూలే. పాల దుకాణం దాటారు. అంకె అలాగే ఉంది. దవాఖాన గేటు దాకా పోయారు. అక్కడా సిగ్నల్ నిక్షేపంగా ఉంది. సూత్రం చెప్పిన దానికన్నా కాస్త మెరుగ్గానే ఉంది.

డైరెక్టర్ గారి మొహం విచ్చుకుంది. "చూశారా మేడం గారూ! అనవసరంగా మీరూ బెంగపడి మమ్మల్నీ బెంగపెట్టారు." ఆయన అప్పటికే సెల్ కంపెనీ వాళ్లకు ఫోన్ కలుపుతున్నారు. "అందుతోందండీ, శుభ్రంగా అందుతోంది. పాతది మీరు తీసేసుకోవచ్చు."

నాకు గుండె మీది బండ దిగినట్టయింది. ఒక్క క్షణమే. దవాఖాన గేటు దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయిని చూశాను. ఏడవలేదు. తెల్లబోయి చేతిలోని కాగితాన్ని చూసుకుంటోంది, రెండోసారీ తన లెక్కే తప్పిందని. నా ఊరటకు నాకే సిగ్గేసింది.

కొలత ఎప్పుడూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తీసుకోవడం మా అలవాటు. వాళ్లు వెనక్కి నడవడానికి సిద్ధమయ్యారు. ఇంతలో వెనక హారన్ మోగింది. రోడ్డుకు అవతలి వైపు, సరిగ్గా సందుకు ఎదురుగా ఒక టెంట్ హౌస్ లారీ ఆగి ఉంది. ఇనప రేకుల బాడీ, నిండా షామియానా సామాను. అది కదిలి, బుసలు కొట్టుకుంటూ ఎల్బీనగర్ వైపు వెళ్లిపోయింది.

"మేడం!" ఫీల్డ్ ఇంజనీరు కేక పెట్టాడు. "సిగ్నల్ పోయింది!"

పరుగెత్తాను. రిసీవర్‌లో అంకె పాతాళంలో ఉంది. అతను మేడ మీది కుర్రాళ్లకు ఫోన్ చేశాడు. "అరే, మిషిన్ బంద్ చేసిన్రా?... చెయ్యలే? బరాబర్ చూడున్రి... నడుస్తనే ఉన్నదా?"

యంత్రం నడుస్తూనే ఉంది. రిసీవర్ బ్యాటరీ సరిగానే ఉంది. డైరెక్టర్ గారు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మా వైపు చూస్తున్నారు. ఆ అమ్మాయీ నేనూ ఒకేసారి సందు మొదటి వైపు తిరిగాం. ఎదురుగా ఖాళీ. గోడ మీద సినిమా పోస్టర్లు.

"లారీ," అన్నాను.

"అద్దం తీరుగ," అంది ఆమె గొణుగుతున్నట్టు. "మూల తిరిగి ఒచ్చింది కాదు మేడం. ఆ రేకుల మీద తగిలి లోపటికి ఒచ్చింది."

ఫీల్డ్ ఇంజనీరు ఇక నా మాట కోసం ఆగలేదు. రిసీవర్ ఆ అమ్మాయి చేతిలో పెట్టి, బండి స్టార్ట్ చేసి లారీ వెనక పోయాడు. మేము ఎంతసేపు అలా నిలబడ్డామో గుర్తులేదు. డైరెక్టర్ గారు సందులోకీ రోడ్డు మీదికీ పచార్లు చేస్తూనే ఉన్నారు. ఇంటి యజమాని మేడ మీంచి, "ఐపోయిందా అమ్మా? ఎండ ఒస్తున్నది," అని అరిచాడు. "అయిపోవచ్చిందండీ," అని నేనూ అరిచాను.

లారీ తిరిగొచ్చింది. డ్రైవరు దిగకుండానే మొదలుపెట్టాడు. "గిదేం పరేషాన్ అన్నా! నాగోల్ల పెండ్లి ఉన్నది. పందిరి టైముకు వెయ్యకపోతే పిల్ల తండ్రి నన్ను పందిరికి కడ్తడు."

"జర ఒక్క నిమిషం తమ్మీ. ఇందాక ఆపినవు కద, గాడనే ఆపు. నీ లారీ ఫొటో దిగుతది అనుకో."

లారీ ముందుకూ వెనక్కూ కదిలి పాత చోట నిలిచింది. ఆ అమ్మాయి దవాఖాన గేటు దగ్గర అంకెలు చదువుతోంది. అంకె లేచింది. ఇందాకటి చోటికి వచ్చి నిలిచింది. "ఇంక పో తమ్మీ!" అన్నాం. లారీ పోయింది. అంకె పడిపోయింది.

డైరెక్టర్ గారు ఆ అమ్మాయి చేతిలోని కాగితం తీసుకుని చూశారు. తర్వాత సెల్ కంపెనీకి మళ్లీ ఫోన్ చేశారు. "ఏవండీ, ఇందాక నేను చెప్పింది తప్పు. అందట్లేదు. పాతది ముట్టుకోవద్దు... కాదండీ, ఆలస్యమవుతుందని నాకూ తెలుసు. ముట్టుకోవద్దు." అటువైపు కేకలు మాకు వినపడుతున్నాయి. ఆయన అవన్నీ నిలబడి విన్నారు. అందుకే ఆయన్ని మంచి మనిషి అన్నాను.

ఆ అమ్మాయి లెక్క కూడా పూర్తిగా సరిపోలేదు. దవాఖాన దగ్గర ఆమె చెప్పినంత చీకటి లేదు, కానీ ఫోన్ మాట్లాడ్డానికి చాలదు. ఆ తేడా ఎక్కడిదో వెతుక్కుంటూ ఆమె మళ్లీ తన మొనల దగ్గరికి వెళ్లిపోయింది. ఆఫీసులో మాత్రం ఒక నియమం వచ్చింది. రెండు మొనలు దగ్గర దగ్గరగా ఉన్న చోట సూత్రాన్ని ఒంటరిగా నమ్మకూడదని. ఆ నియమం నేను రాయలేదు. డైరెక్టర్ గారే ఆమెతో రాయించారు.

ఈ కథలో చివరికి లెక్క గెలిచిందని మీరు అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. లెక్కలు రెండు, రెండూ అందంగా ఉన్నాయి. తేల్చుకుందామని కొలత దగ్గరికి పోతే అదీ మొదట అబద్ధమే చెప్పింది. ఆ డ్రైవరు ఇంకాసేపు టీ తాగుతూ కూర్చుని ఉంటే, నేను కొలిచి చూశానన్న ధీమాతో సంతకం పెట్టేసి ఇంటికి పోయి కడుపునిండా తినేదాన్ని. భయపడకండి అని మీకు చెప్పను. భయం వేసినప్పుడు ఇంకోసారి నడవండి అని మాత్రం చెప్తాను.

సందు వెనక చివర ఒక స్తంభానికి చిన్న యాంటెన్నా పెట్టాలని తేలింది. అనుమతులకు ఆలస్యమైంది, బిల్డర్ రోజూ తిట్టాడు. అది నడవడం మొదలయ్యాక పాతదాన్ని ఆపే రోజు ఆ అమ్మాయీ, ఫీల్డ్ ఇంజనీరూ, నేనూ ముగ్గురం మళ్లీ సందుకు వెళ్లాం. రమ్మని ఎవరూ చెప్పలేదు. వెళ్లకుండా ఉండలేకపోయాం.

దవాఖాన బయట బెంచీ మీద కూర్చున్నాం. ఫీల్డ్ ఇంజనీరు పాత ఇంటి దగ్గరున్న వాళ్లతో మాట్లాడి, "బంద్ చేసిన్రు," అన్నాడు. ఎవరం కదల్లేదు. చేతిలో రిసీవర్ ఉంది, అంకె సరిగానే ఉంది. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి రోడ్డు వైపు చూసి వచ్చింది, ఏ లారీ అయినా నిలబడి ఉందేమోనని. లేదు.

అప్పుడు గేటు దగ్గర నిలబడ్డ ఒకాయన జేబులో ఫోన్ మోగింది. రాత్రి నిద్ర లేదేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేము ముగ్గురం ఆయన్నే చూస్తున్నాం.

"హలో... ఆఁ, వినపడుతుంది, చెప్పు... మంచిగనే ఉన్నరు, ఇద్దరు మంచిగనే ఉన్నరు... ఇడ్లీలే పట్కరా. చట్నీ ఎక్వ కట్టించు. పోయినసారి జెరంతనే ఇచ్చిండు వాడు... వినపడుతుందా? చట్నీ, చట్నీ!"

ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆయన మా వైపు అనుమానంగా చూసి, గొంతు తగ్గించి, చట్నీ గురించి ఇంకా చాలాసేపు మాట్లాడాడు.